పాత బండ్లు, పల్లె బాటలు: ముందు కమాను కట్టల ఎంపిక

(కోరుట్లలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడబోవు విషయము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. పారిశుద్ధ్యమును గూర్చియో, పన్నుల వసూళ్లను గూర్చియో చెప్పవలసిన ప్రచారాధికారి పాత బండ్ల కమాను కట్టలను గూర్చి చెప్పుటయేమని మీరు అడుగవచ్చును. నేను ఇంజనీరును కాను. నేను చదివినది బి.ఏ. మాత్రమే. ఐనను ఉద్యోగములో చేరినది మొదలు పాత జీపులలో గ్రామ గ్రామము తిరుగుచున్నవాడను. పుస్తకములు చెప్పని పాఠములు కొన్ని ఆ జీపులు నా నడుమునకు నేర్పినవి. వానిలో మీకు పనికివచ్చునవి నేడు మనవి చేసెదను.

మీ గ్రామములలో పాత బండి లేని గ్రామము అరుదు. ఒకచోట పాత జీపు, ఒకచోట సరకులు మోయు పికప్పు, వేరొకచోట పదిహేనేండ్లనాటి మినీ లారీ. పంచాయతీ పనులకు మీరు వానిని అద్దెకు పిలుచుచుందురు. పైపులు, సిమెంటు, మొక్కలు వానిలోనే వచ్చును. అర్ధరాత్రి ఎవరికైన ఆపద వచ్చినచో అంబులెన్సు చేరలేని పొలము గుడిసె నుండి రోగిని రోడ్డునకు చేర్చునదియు అదియే. కావున ఆ బండి ముందు చక్రములు చెప్పినట్లు వినుచున్నవా లేదా యనునది యజమాని సొంత వ్యవహారము మాత్రమే కాదు. అందు కూర్చుండువారు మన గ్రామస్థులు.

మన బాటల స్వభావము

కోరుట్ల నుండి మెట్‌పల్లి వైపునకు గాని జగిత్యాల వైపునకు గాని 63వ జాతీయ రహదారిపై పోవునంతవరకు ఏ బండియైనను చక్కగనే నడచును. ఆ రహదారిని విడిచి పొలముల వైపు మరలినచో కథ వేరు. ఒకచోట నల్లరేగడి, మరియొకచోట ఎర్ర చెలక. ఒర్రె దాటవలసిన చోట గుండ్లు. కాలువ కట్టలపై వాన నీరు కోసిన అడ్డచాళ్లు. శ్రీరాంసాగరు ప్రాజెక్టుకు 1963 జూలై 26న శంకుస్థాపన జరిగినది. దాని నీటిని తెచ్చు కాకతీయ కాలువ, దాని ఉపకాలువలు మన పొలములకు నీటినే గాక బాటలను గూడ ఇచ్చినవి. వరి, మక్కలు, పసుపు ఆ బాటలమీదుగనే రోడ్డునకు చేరుచున్నవి.

ఇవి కొండలెక్కు బాటలు కావు, ఎడారులు కావు. గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగమున, రెండు మూడు కిలోమీటర్లు జాగ్రత్తగా పోవలసిన సామాన్యమైన గతుకు బాటలు. ఈ మాట మొదటనే జ్ఞాపకముంచుకొనుడు. బండికి ఏ మార్పు కావలెనన్నది బాటను బట్టి నిర్ణయింపవలెనే గాని దుకాణములోని బొమ్మను బట్టి కాదు.

2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము వలన గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూడినవి. ఆ ట్రాక్టరుకు ముందు కమానులు లేవు. దాని ముందు ఇరుసు నడుమనున్న ఒక పిన్నుపై త్రాసువలె ఊగుచు, ఒక చక్రము గుంటలో దిగినను రెండవది నేలను విడువకుండునట్లు చేయును. అది నెమ్మదిగా నడచుటకు పుట్టిన యంత్రము. జీపునకు, పికప్పునకు, లారీకి అట్లు కాదు. అవి రహదారిపై వేగముగను, బాటపై నెమ్మదిగను నడవవలెను. అందులకే వానికి కమానులు కావలసివచ్చినవి.

కమాను చేయు పని

పాత జీపులకు, లారీలకు ముందు వైపున ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చిన కమాను కట్టలు ఉండును. నడుమ ఒక సెంటరు బోల్టు వానిని పట్టియుంచును. యూ బోల్టులు వానిని ఇరుసునకు బిగించును. ఒక చివర పిన్నుపై స్థిరముగా నుండగా రెండవ చివర షాకిల్ అను ఊగుడు కొక్కెముపై నుండును. చక్రము గుండు నెక్కినపుడు కమాను చదునై పొడవు పెరుగును. ఆ పెరుగుదలకు షాకిల్ చోటిచ్చును.

కమాను పని రెండు విధములు. బరువును మోయుట ఒకటి. చక్రమును నేలకు అంటియుండునట్లు చేయుట రెండవది. మొదటి పని అందరికిని తెలియును. రెండవదానిని మరచుటచేతనే ప్రమాదములు వచ్చుచున్నవి. నేల నంటని చక్రమునకు స్టీరింగు తిప్పినను ఫలము లేదు, బ్రేకు తొక్కినను ఫలము లేదు.

ఇక షాక్ అబ్జార్బరు బరువును మోయదు. కమాను ఎగిరినపుడు ఆ ఊపును అణచుటయే దాని పని. ‘షాకులు మార్చితిమి, ఇక ఎక్కువ బరువు వేయవచ్చును’ అనువారు పొరపడుచున్నారు.

బరువు ఎక్కడ పడును?

ఇచ్చట ఒక ముఖ్య విషయము గలదు. పికప్పులో గాని లారీలో గాని మనము వేయు సరకులో అధిక భాగము వెనుక ఇరుసుపై పడును. ముందు ఇరుసు మోయునది ప్రధానముగా ఇంజనును, ముందు కూర్చున్నవారిని. బండి ఖాళీగా నున్నను నిండియున్నను ముందు బరువులో వచ్చు మార్పు వెనుక వచ్చు మార్పుకంటె చాల తక్కువ. కావున ‘సరకు ఎక్కువ వేయుచున్నాము, ముందు కమానులు గట్టివి కావలెను’ అనుట సరియైన లెక్క కాదు.

గట్టిదనము ఎట్లు పెరుగునో గూడ తెలిసికొనుడు. ఒకే కొలత గల పట్టీల సంఖ్య పెరిగినచో గట్టిదనము అదే నిష్పత్తిలో పెరుగును. మందము పెరిగినచో మాత్రము అంతకంటె ఎంతో వేగముగా పెరుగును. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు అదే పొడవు, అదే వెడల్పు గల 7 మిల్లీమీటర్ల పట్టీ వేసినచో దాని గట్టిదనము ఒకటిన్నర రెట్లు దాటును. 8 మిల్లీమీటర్లది వేసినచో రెండు రెట్లు దాటును. 12 మిల్లీమీటర్లదైనచో ఎనిమిది రెట్లగును. ‘ఒక్క గీత మందము ఎక్కువ, అంతే’ అని దుకాణదారు చెప్పు మాట వెనుక ఇంత లెక్క గలదు.

నాకు జరిగిన అనుభవము

కొన్ని సంవత్సరములకు పూర్వము నేను తిరుగుచుండిన ఒక పాత జీపు ముందు భాగము ఒక ప్రక్కకు క్రుంగినది. ఒక పట్టణములోని కార్ఖానాకు తీసికొనిపోయితిమి. ఆ మేస్త్రీ చక్రమునైన విప్పి చూడలేదు. ‘పల్లె రోడ్లు గద సారూ! రెండు పట్టీలు ఎక్కువేస్తే లారీ లెక్క ఉంటది’ అన్నాడు. మాకును ఆ మాట నచ్చినది. రెండు ప్రక్కల రెండేసి మందమైన పట్టీలు చేర్చి పంపినాడు. జీపు ముందు భాగము రెండంగుళములు లేచినది. చూచుటకు దర్పముగా నుండెను. డ్రైవరును నేనును సంతోషించితిమి.

తొలకరి వానలు పడిన పది దినములకు ఒక గ్రామమున చిత్ర ప్రదర్శనకు పోవుచుంటిమి. బాట కాలువ కట్టపై నుండెను. బండిలో డ్రైవరు, నేను, ఆ గ్రామ పాఠశాల ఉపాధ్యాయుడు, దారిలో ఎక్కించుకొనిన ఒక నర్సమ్మ, మొత్తము నలుగురము. కట్టపై వాన నీరు కోసిన ఒక అడ్డచాలు వచ్చినది. ఎడమ చక్రము అందులో దిగవలసినది. దిగలేదు. కమాను అంత గట్టిగా నుండుటచే వంగక, చక్రము గాలిలో నిలిచినది. మరుక్షణము జీపు ఎగిరి పడినది. డ్రైవరు స్టీరింగు కుడికి తిప్పినాడు. బండి తిరుగలేదు. తడిసిన రేగడిపై కాలువ వైపునకు జారిపోయి, అంచుననున్న ఒక తుమ్మచెట్టునకు ఆనుకొని నిలిచినది. క్రింద నిండుగా నీరు పారుచున్నది. కొంతసేపటివరకు ఎవ్వరమును మాటలాడలేదు. ఎవ్వరికిని దెబ్బలు తగులలేదు. ఆ రాత్రి ప్రదర్శన మాత్రము జరుగలేదు.

మరునాడు వేరొక ఊరిలో ఒక వృద్ధుడైన మేస్త్రీ ఆ జీపును చూచినాడు. అతడు మొట్టమొదట చక్రములు విప్పినాడు. క్రుంగుటకు కారణము ఒక పట్టీ సెంటరు బోల్టు రంధ్రము వద్ద విరిగియుండుట. దానిని అట్లే యుంచి పైన క్రొత్త పట్టీలు వేసియుండిరి. పిన్నుల బుష్షులు అరిగి గుల్లలైనవి. ఒక షాక్ అబ్జార్బరు నూనె కారిపోయి ఉత్త గొట్టమైనది. టైర్లలో రహదారికంటె ఎక్కువ గాలి నింపియుండిరి. అతడు అదనపు పట్టీలు తీసివేసి, విరిగినదానికి బదులు అదే కొలత గల పట్టీని రెండు ప్రక్కలను వేసి, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు జతలుగా మార్చి, గాలి సరిచేసినాడు. మొదట మేము పెట్టిన ఖర్చులో సగమైన కాలేదు. ఆ జీపు తరువాత అదే కట్టపై ఎన్నోమారులు పోయినది. మెత్తగా పోయినది, చెప్పినట్లు విన్నది.

ఏది ముందు, ఏది వెనుక?

ఆ వృద్ధుడు చూపిన వరుసనే నేను మీకు చెప్పుచున్నాను. డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు ఈ క్రమమును పాటింపుడు.

1. మొదట అరుగుదల చూడుడు. షాకిల్ బుష్షులు, పిన్నులు, యూ బోల్టులు, చక్రపు బేరింగులు, స్టీరింగు కీళ్లు పరీక్షింపవలెను. ముందు భాగము జాకీపై లేపి చక్రమును పైన క్రింద పట్టి కదపినచో ఆట తెలియును. విరిగిన పట్టీని అతుకు పెట్టి వెల్డింగు చేయరాదు. కమాను ఉక్కునకు గల గుణము ఆ వేడిమితో చెడును. అతుకు వద్దనే మరల విరుగును.

2. రెండవది టైర్లు. గతుకును మొట్టమొదట మ్రింగునది టైరు. తయారీదారు బండిపై వ్రాసిన గాలికంటె ఎక్కువ నింపినచో ఎంత మంచి కమాను పెట్టినను వ్యర్థము. ఖాళీ బండితో బురద బాటలో కొంత గాలి తగ్గించి నెమ్మదిగా పోవచ్చును గాని, రహదారి ఎక్కక ముందే మరల నింపవలెను. సరకుతో నున్న బండికి గాలి తగ్గింపరాదు.

3. మూడవది షాక్ అబ్జార్బర్లు. ముందు మడ్‌గార్డును నొక్కి వదలినపుడు బండి ఒకమారు లేచి నిలువవలెను. మరల మరల ఊగినచో అవి పోయినట్లే. గట్టి కమానులు గల బండ్లలో ఈ పరీక్ష స్పష్టముగా తెలియదు. అట్టివానిలో వానిని విప్పి చేతితో లాగి చూడవలెను. లాగునపుడును నొక్కునపుడును తడబాటు లేని బిగువు ఉండవలెను. నూనె కారుచున్నదానిని ఉంచుకొనరాదు. మొరం రోడ్డుపై చిన్న చిన్న అలలవంటి గతుకులు ఎక్కువ దూరమున్నచో లోపలి నూనె వేడెక్కి నురుగు పట్టి పట్టు సడలును. అట్టి చోట్ల నత్రజని వాయువు నింపిన రకము మేలు. రెండు మూడు కిలోమీటర్ల పొలము బాటకు సరియైన పొడవు గల సామాన్యమైన నూనె రకము చాలును. పొడవు మాత్రము బండికి తగినదే కావలెను. పొట్టిదైనచో చక్రము దిగునపుడు లాగుకొని తెగును. పొడుగుదైనచో అడుగంటి విరుగును.

4. నాలుగవది కమాను కట్టలు. పై మూడింటిని సరిచేసిన పిమ్మటను బండి క్రుంగియున్నచో అప్పుడు కట్టలను మార్చవలెను. క్రుంగిన పట్టీలను కొలిమిలో కాల్చి సుత్తితో వంపు తెచ్చుట మన వాడుక. కాల్చిన ఉక్కును మరల నూనెలో ముంచి, తగిన వేడిమిలో పదును పెట్టనిచో ఆ వంపు నిలువదు, కొలది నెలలలో మరల క్రుంగును, లేదా పగులును. ఆ పని తెలిసిన చోటనే చేయింపుడు. లేనిచో తయారీదారు కొలతకు తగిన క్రొత్త కట్ట కొనుటయే చౌక. ఎన్నడును జతగా మార్చవలెను. ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క పాతది ఉంచినచో బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగును. యూ బోల్టులను క్రొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల బిగింపవలెను.

కొన్ని బండ్లకు పారాబోలిక్ కమానులు దొరకును. ఇందు పట్టీలు తక్కువ. ప్రతి పట్టీ నడుమ మందముగను, చివరలకు సన్నముగను ఉండును. పట్టీల నడుమ రాపిడి తక్కువగుటచే చిన్న గతుకులు మెత్తగా తెలియును. మీ బండికే చేసినవి, దాని బరువునకు సరిపోవునవి దొరకినచో మంచివే. ఐతే రాపిడి తక్కువగుటచే ఊపు ఎక్కువగును గనుక వానికి మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి.

కొన్ని పికప్పులకు ముందు కమాను కట్టలకు బదులు మెలితిరుగు ఉక్కు కడ్డీ ఉండును. దాని బోల్టు బిగించినచో బండి లేచును. కడ్డీ గట్టిపడినదని యజమాని అనుకొనును. అది నిజము కాదు. కడ్డీ గట్టిదనము మారదు, బండి నిలుచు ఎత్తు మాత్రమే మారును. చక్రము క్రిందికి దిగుటకు గల చోటు తగ్గి, కీళ్లు త్వరగా అరుగును. క్రుంగినదానిని మొదటి ఎత్తునకు తెచ్చుటకు మాత్రమే ఆ బోల్టును వాడవలెను.

ఎత్తు పెంచుట

మన ప్రాంతపు యువకులు అనేకులు గల్ఫు దేశములలో డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవారు. అచ్చట ఇసుక దిబ్బలపై ఎత్తైన బండ్లను నడిపినవారి నేర్పు మెచ్చదగినది. ఐతే ఇసుక దిబ్బ వేరు, రేగడి బురద వేరు. బురదలో దిగబడిన చక్రమును ఎత్తైన కమాను పైకి తీయజాలదు. దానికి కావలసినవి గాళ్లు అరుగని టైరు, తగ్గించిన వేగము.

పొడవైన షాకిల్ వేసి ముందు భాగము లేపినచో ఇరుసు వాలు మారును. ఆ వాలు మారినచో స్టీరింగు నిలుకడ తప్పి, రహదారిపై బండి అటునిటు తిరుగును, చక్రములు కొట్టుకొనును. బ్రేకు గొట్టములు బిగిసి తెగు ప్రమాదము గలదు. బండి బరువు మీదికి పోవుటచే కాలువ కట్టవంటి ప్రక్క వాలులో బోర్లపడుట సులభమగును. నేల తగులుచున్నదని తోచినచో ముందు క్రుంగిన కమానును సరిచేయుడు. తయారీదారు ఇచ్చిన ఎత్తు తిరిగి వచ్చినచో మన బాటలకు అది చాలును.

చట్టము చెప్పునది

1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ విషయమును స్పష్టముగా ధ్రువపరచినది. ముందు వైపు ఇనుప గ్రిల్లులు బిగించుట గూడ చట్ట విరుద్ధమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో తెలియజేసినది. ఆ గ్రిల్లు బరువు ముందు కమానులపైననే పడునని గూడ గమనింపుడు. అరిగిన భాగమునకు బదులు అదే కొలత గల భాగమును వేయుట మరమ్మతు. దానికి అడ్డంకి లేదు.

పంచాయతీలకు సంబంధించిన మరియొక ముఖ్య నిబంధన గలదు. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వములకు, స్థానిక సంస్థలకు చెందిన బండ్ల రిజిస్ట్రేషను పదిహేనేండ్లతో ముగియుచున్నది. దానిని మరల పొడిగింపరు. పంచాయతీ పేర నున్న బండికి ఆ గడువు సమీపించుచున్నచో దాని కమానులపై ప్రజాధనము ఖర్చు చేయుటకు ముందు రిజిస్ట్రేషను తేదీ చూచుకొనుడు.

పంచాయతీ చేయదగిన పనులు

బండిని అద్దెకు మాటలాడునపుడు మీరు రేటును మాత్రమే అడుగుచున్నారు. ఇకమీదట మరి నాలుగు సంగతులు గూడ చూడుడు.

ఒకటి: ఫిట్‌నెస్, బీమా పత్రములు గడువులో నున్నవా?

రెండు: ముందు రెండు ప్రక్కలు సమమైన ఎత్తున ఉన్నవా? ఒక ప్రక్క క్రుంగినచో విరిగిన పట్టీ ఉండవచ్చును.

మూడు: షాక్ అబ్జార్బర్లపై నూనె మరకలు, టైర్లపై ఒక ప్రక్క అరుగుదల కనిపించుచున్నదా?

నాలుగు: పట్టీలు అదనముగా చేర్చినారా? చేర్చినచో ఎందులకు?

ఇవి చూచుటకు పది నిమిషములు చాలును, మేస్త్రీ అక్కరలేదు.

ఇంతకంటె ముఖ్యమైన పని వేరొకటి గలదు. మీ ఊరి బండ్లన్నింటికి కలిపి మంచి కమాను ఏదియన, మంచి బాటయే. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద అనేక గ్రామములలో పొలము బాటలు వేయబడినవి. వేసిన బాట రెండు వానలకు చెడుటకు కారణము తరచుగా మొరం తక్కువగుట కాదు, నీరు పోవుటకు దారి లేకపోవుట. బాట నడుమ ఎత్తుగను, ప్రక్కలకు వాలుగను ఉండవలెను. ప్రక్కన కాలువ తీయవలెను. అడ్డముగా నీరు పారు చోట తూము వేయవలెను. నీరు నిలుచు గుంటలో మొరం పోసినచో తిరిగి గుంటయే మిగులును. మా జీపును కాలువ వైపునకు త్రోసిన ఆ అడ్డచాలును ఎవరైనను నాలుగు తట్టల రాయి, మొరం వేసి, నీటికి ప్రక్క దారి చూపియున్నచో మాకు ఆ తుమ్మచెట్టుతో పని లేకపోయెడిది.

మిత్రులారా! పాత బండి పేదవాని ఆస్తి. అతడు దానిని గట్టిగా చేయవలెననుకొనుట సహజము. గట్టిదనము వేరు, పట్టు వేరు అని అతనికి చెప్పుడు. మన బాటలకు కావలసినది ఎత్తైన బండి కాదు, బిగిసిన బండి కాదు. నాలుగు చక్రములును నేలను అంటియుండు బండి. ఇంటికి పోవునపుడు మీరు ఎక్కు బండి ముందు భాగమును ఒకమారు వంగి చూడుడు. ఆ చూపునకు రూపాయి ఖర్చు లేదు.